పడుకోబెట్టిన నిప్పుకు పొగగొట్టం

2014 మే 17, శనివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. క్రైస్ట్‌చర్చ్‌కు పడమట, కాంటర్‌బరీ మైదానంలో డార్ఫీల్డ్ దాటాక ఉన్న ఒక పాత చెక్క ఇంట్లో, ఆరిపోయిన కట్టెల హీటరు ముందు కూర్చుని నేను ఒక అగరొత్తి వెలిగించాను. దేవుడికి కాదు. నా పనిసంచిలో టేపు, థర్మామీటరు, టార్చిలైటుతో పాటు అగరొత్తుల పొట్లం కూడా ఉంటుంది. గాలి కంటికి కనబడదు. దాని దారి చూడాలంటే ఇంతకంటే మంచి పనిముట్టు నాకు ఇంతవరకు దొరకలేదు.

పొగ మొదట నిటారుగా లేచింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు వంగి, హీటరు అడుగున ఉన్న గాలి కన్నంలోకి సన్నటి దారంలా వెళ్లిపోయింది.

“రాత్రి పదింటికే మంట ఆరిపోయింది ఆంటీ. ఇంకా లాగుతోందా?” అన్నాడు సుధీర్.

“మంట ఆరింది. గొట్టం ఆరలేదు,” అన్నాను.

సుధీర్ ఆ దగ్గర్లోని పాలపొడి ఫ్యాక్టరీలో ఆటోమేషన్ ఇంజనీరు. చదువుకోవడానికి వచ్చి, క్రైస్ట్‌చర్చ్‌లోని రిక్కార్టన్ పేటలో ఒకే ఫ్లాట్‌లో మరో ఐదుగురితో ఉన్న రోజుల నుంచి నాకు తెలుసు. భార్య లావణ్యకు అప్పుడు ఏడో నెల. ఆమె గోడకు ఆనుకుని నిలబడి, శాలువా కప్పుకుని, ఆ పొగ వెళ్లిన వైపే చూస్తోంది.

“మా డబ్బులే అలా పోతున్నట్టున్నాయి ఆంటీ,” అని నవ్వింది. వెంటనే నవ్వు మానేసి, “పొద్దున లేచేసరికి ఈ గది ఆరు డిగ్రీలు ఉంటోంది. జులైలో బేబీ వస్తుంది. జులైలో ఇక్కడ ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా,” అంది.

నాకు తెలుసు. భూగోళానికి దక్షిణాన ఉన్న ఈ దేశంలో జులై అంటే నడి చలికాలం, ఆ మైదానంలో తెల్లవారుజామున గడ్డి గాజులా విరుగుతుంది. మంచు తుఫాను వస్తే కరెంటు తీగలు తెగుతాయి. అప్పుడు కరెంటుతో నడిచే హీట్ పంపు గోడకు తగిలించిన బొమ్మ. అందుకే ఆ వైపు ఇళ్లవాళ్లు కట్టెల హీటరును వదులుకోరు.

నేను చక్కెర మిల్లుల్లో బాయిలర్ల నమూనాలు గీసి, ఈ దేశం వచ్చాక ఇళ్ల హీటర్లకు, వాటి పొగగొట్టాలకు నమూనాలు గీసినదాన్ని. ఇన్నేళ్లు వేడితో గడిపితే లోకం కొంచెం తలకిందులుగా కనిపిస్తుంది. నీరు పల్లానికి పారుతుంది, వేడిగాలి మిట్టకు పారుతుంది. మనకు పైకప్పు అయినది దానికి నేల. నిచ్చెనెక్కి ఎవరి ఇంట్లోనైనా పైకప్పు కింద చెయ్యి పెట్టి చూడండి. గది వెచ్చదనమంతా అక్కడ మడుగు కట్టి, అలలు లేకుండా పడుకుని ఉంటుంది. పొగగొట్టం ఆ మడుగుకు పడిన గండి. రాత్రంతా ఇంటి వెచ్చదనం ఆ గొట్టంలోంచి పైకి, పైకి, చుక్కల్లోకి జారిపోతూ ఉంటుంది. చప్పుడు చేయని జలపాతం. పైకి పడే జలపాతం.

దీన్ని వృత్తిలో డ్రాఫ్ట్ అంటాం. గొట్టంలో గాలి బయటి గాలికంటే వేడిగా ఉన్నంతసేపు అది కిందినుంచి లాగుతూనే ఉంటుంది. మంట ఉన్నప్పుడు ఈ బలమే ప్రాణం, పొగను ఇంట్లోకి రానివ్వదు. మంట ఆరాక అదే బలం దొంగ.

ఆ ఇంటికి ఒకప్పుడు ఇటుక చిమ్నీ ఉండేది. భూకంపంలో కూలింది. ముందు యజమాని ఆ చోట ఇనప హీటరు పెట్టి, నేరుగా పైకప్పు దాటేలా స్టీలు గొట్టం బిగించాడు. నేరు గొట్టం బాగా లాగుతుంది. అదే దాని గుణం, అదే దోషం.

“మూత పెట్టేద్దాం ఆంటీ,” అన్నాడు సుధీర్. అప్పటికే లాప్‌టాప్‌లో బొమ్మ గీసి ఉంచాడు. “గొట్టం పైన డాంపర్ ప్లేటు, దానికి చిన్న మోటారు. గొట్టంలో ఒక సెన్సర్, పొయ్యి గోడకు ఒక సెన్సర్. రెండూ నలభై డిగ్రీల కిందికి దిగి రెండు గంటలు గడిస్తే ప్లేటు మూసుకుంటుంది. మొత్తం సీల్.”

“పూర్తిగానా? కట్టెల గొట్టాన్ని పూర్తిగా మూయకూడదు బాబూ. మూతలో కొంత కన్నం వదులుతాం. ఎక్కడో ఒక నిప్పు మిగిలితే దాని విషవాయువు బయటికి పోవాలి కదా.”

“చల్లబడ్డాక నిప్పెక్కడిది ఆంటీ? ఆ కన్నంలోంచే సగం వేడి పోతుంది. మీరే లెక్క కట్టండి.”

కట్టాను. అతను చెప్పింది నిజమే. పూర్తిగా మూస్తే తెల్లవారి ఆరింటికి గది పదిహేడున్నర దగ్గర ఉంటుంది. కన్నం వదిలితే పన్నెండు దాటదు. పుట్టబోయే బిడ్డ గదికి ఆ తేడా చిన్నది కాదు.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ప్లేటు తెప్పించుకోవచ్చు, కానీ బిగించకూడదు. ముందు సెన్సర్లు మాత్రం పెట్టి కొన్నాళ్లు చూడాలి. “మూయవచ్చు” అన్నప్పుడు ఒక ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. ఆ దీపం వెలిగిన ప్రతిసారీ పొయ్యి నిజంగా చల్లారిందని తేలితే అప్పుడు పూర్తి మూత సంగతి మాట్లాడదాం.

“మీరు మా మేనేజరుకంటే స్ట్రిక్ట్ ఆంటీ,” అన్నాడు.

“మీ మేనేజరు పాలపొడికి జవాబు చెప్పుకుంటాడు. నాది పసిబిడ్డ,” అన్నాను.

జూన్‌లో తణుకు నుంచి లావణ్య తల్లి వరలక్ష్మిగారు వచ్చారు. జులై తొమ్మిదిన ఆడపిల్ల పుట్టింది. పడకగదులు మరీ చల్లగా ఉన్నాయని తల్లికి, బిడ్డకు, అమ్మమ్మకు హీటరున్న ముందుగదిలోనే పరుపులు వేశారు. సుధీర్‌కు మాత్రం లోపలిగది, మూడు దుప్పట్లు.

ప్లేటు, మోటారు, సెన్సర్లు ఆలస్యంగా వచ్చాయి. సెన్సర్లు పెట్టి పది రోజులయ్యాక, జులై 26 శనివారం మధ్యాహ్నం, చూడడానికి వెళ్లాను.

ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ కలలా గుర్తు. బయట గాలి లేదు. దూరాన కొండలు తెల్లగా, బరువు లేనట్టు తేలుతున్నాయి. కిటికీలోంచి ఎండ పాలమీగడలా నేల మీద పరుచుకుంది. అప్పుడే నీళ్లు పోసుకున్న పిల్ల తువ్వాలులో ముడుచుకుని, ఇంకా ఈ లోకానికి పూర్తిగా రానట్టు కళ్లు సగం మూసి ఉంది. ఇల్లంతా నువ్వులనూనె, సున్నిపిండి వాసన.

సుధీర్ లాప్‌టాప్ నా ముందుకు తిప్పాడు. “చూడండి ఆంటీ, గ్రాఫు. ఒక్క రోజు కూడా తేడా రాలేదు. ఇవాళ పొద్దున ఐదింటి మంట తొమ్మిదికి ఆరింది. ఇదిగో, గ్రీన్. ఇప్పుడు ప్లేటు ఉండుంటే మూసుకుని ఉండేది.”

చిన్న పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. గొట్టం మీద అరచెయ్యి పెట్టాను. గోడ ఎంత చల్లగా ఉందో గొట్టమూ అంతే. పొయ్యి గోడ మాత్రం కాస్త గోరువెచ్చగా ఉంది. గాజు తలుపులోంచి చూస్తే బూడిద తప్ప ఏమీ లేదు, మెత్తగా, చదునుగా, ఎవరో అరచేత్తో సర్దినట్టు. ఆ చదునును నేను రెండోసారి చూస్తుండగానే వరలక్ష్మిగారు వంటింట్లోంచి ఇనప గరిటె, సాంబ్రాణి డబ్బా పట్టుకుని వచ్చారు.

“కాస్త జరుగుతారా అక్కగారూ, చంటిదాని జుట్టు తడారిపోతోంది.”

హీటరు తలుపు తీశారు. గరిటె కొసతో బూడిదను ఒక పక్కకు తోశారు, నిద్రపోతున్నవాళ్ల దుప్పటి తొలగించినంత మెల్లగా. లోపల నిప్పు. ఒకటి కాదు, గుప్పెడు. ఎర్రగా, నింపాదిగా, ఊపిరి తీస్తూ వదులుతూ ఉన్నట్టు. రెండు కణికలు గరిటెలోకి ఎత్తి, సాంబ్రాణి పొడి చల్లారు. తెల్లటి పొగ పిల్ల తల చుట్టూ మబ్బులా తిరిగింది.

ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

సుధీర్ దీపాన్ని చూశాడు, గరిటెను చూశాడు. తర్వాత హీటరు పక్కనే పరిచి ఉన్న మూడు పరుపులను చూశాడు.

“ఎప్పటి నిప్పండీ అది?” అని అడిగాను.

“పొద్దుటిదే. మంట తగ్గగానే పడుకోబెట్టేశాను.”

“పడుకోబెట్టడమంటే?”

“కణికలన్నీ ఓ మూలకి చేర్చి బూడిద కప్పడమేనండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు లేస్తుంది. రాత్రి కూడా అంతే. తెల్లారి నాలుగు పుల్లలు పెట్టి ఊదితే సరి, అగ్గిపుల్ల పని లేదు. మా ఇంట్లో నిప్పుని ఆర్పరండి. పసిపిల్ల ఉన్న ఇంట్లో అసలే ఆర్పరు.”

“అందుకా,” అంది లావణ్య, “ఫైర్‌లైటర్స్ డబ్బా కొన్నది కొన్నట్టే ఉంది! నేను సుధీర్ లేచి వెలిగిస్తున్నాడేమో అనుకున్నాను.”

“నేను నువ్వనుకున్నాను,” అన్నాడు సుధీర్ నీరసంగా.

నేను గోడల వైపు చూశాను. పొగకూ, కార్బన్ మోనాక్సైడ్ అనే ఆ విషవాయువుకూ కలిపి పనిచేసే అలారం ఒకటి ఆ గదిలో పెట్టమని మే నెలలోనే చెప్పాను. గోడకు మేకు ఉంది, అలారం లేదు.

“అలారం ఏదీ?”

“గ్యారేజీలో ఉంది ఆంటీ,” అన్నాడు సుధీర్. “రోజూ సాంబ్రాణి వేయగానే అరుస్తోంది. పాప ఉలిక్కిపడి ఏడుస్తోందని తీసేశాను.”

“నేనే తీయమన్నానండి,” అన్నారు వరలక్ష్మిగారు. “ఇంగువ తాలింపు వేసినా గోలే దానికి.”

బూడిద కింద నిప్పు ఎలా బతుకుతుందో చెప్పాలి. బూడిద మంచి దుప్పటి. లోపలి వేడిని బయటికి రానివ్వదు కాబట్టి గొట్టమూ, పొయ్యి గోడా చల్లబడతాయి, సెన్సర్లకు అంతా చల్లారినట్టే ఉంటుంది. బయటి గాలిని లోపలికి చాలినంత పోనివ్వదు కాబట్టి నిప్పు అరకొరగా కాలి, రంగూ వాసనా లేని విషవాయువు వదులుతుంది. గొట్టం తెరిచి ఉన్నన్నాళ్లు అది పైకి పోతుంది. గొట్టం మూస్తే గదిలోకి వస్తుంది. మనుషులకు మగత వస్తుంది. మగతను నిద్ర అనుకుంటారు.

నేను ఇదంతా చెబుతుంటే వరలక్ష్మిగారు గరిటె పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయారు.

“మా తరంలో ఎవరికీ ఏమీ కాలేదే అక్కగారూ?”

“మీ ఇంట్లో పెంకు సందుల్లోంచి చుక్కలు కనబడేవి కదండీ. ఈ ఇంటి కిటికీలకు రబ్బరు పట్టీలు. సందు లేదు.”

సుధీర్ తేరుకున్నాడు. “అయితే సింపుల్ ఆంటీ. అత్తయ్యగారు బూడిద కప్పడం మానేస్తారు, అలారం మళ్లీ పెడతాను. అప్పుడు ప్లేటు బిగించొచ్చు.”

“మానేస్తాను బాబూ, దానికేముంది,” అన్నారావిడ వెంటనే.

లావణ్య పకపకా నవ్వింది. “అమ్మ మానేస్తానందంటే, రేపట్నుంచి మనం లేవకముందే చేస్తుందని అర్థం.”

“నోర్ముయ్యవే.”

“డాక్టరు మానేయమన్న మామిడికాయ ఊరగాయ మానేశావా?”

“అది వేరు.”

“బీపీ వేరు, పొయ్యి వేరా?”

వరలక్ష్మిగారు కూతురి వైపు కాకుండా నా వైపు తిరిగారు. గొంతు తగ్గింది. “ఒట్టేస్తే వేస్తానండి. కానీ నాకు నిజంగా తెలీదు. నలభై ఏళ్ల అలవాటు. పొయ్యి దగ్గర నిలబడితే చెయ్యి దానంతటదే బూడిదలోకి పోతుంది. మొన్న పాప ఏడుస్తుంటే ఎత్తుకుని, రెండో చేత్తో కప్పేశాను. కప్పినట్టు కూడా గుర్తులేదు.”

ఆవిడ అంత నిజం చెప్పాక నాకు ఇంక లెక్క అక్కర్లేదనిపించింది.

“ప్లేటు వద్దు సుధీర్,” అన్నాను. “కన్నం ఉన్నదీ వద్దు, లేనిదీ వద్దు. ఈ గొట్టం తెరిచే ఉంటుంది.”

“మరి తెల్లారి ఆరు డిగ్రీలు? మనం మొదలుపెట్టిందే దానికోసం కదా ఆంటీ!” మొదటిసారి అతని గొంతు పెరిగింది. “పాప ముక్కు ఐస్‌లా ఉంటోంది పొద్దున్నే. నేను ఏం చేయాలి?”

“పాపకు టోపీ పెట్టు. అలారం ఇప్పుడే తెచ్చి తగిలించు, సాంబ్రాణి వరండాలో అంటించి తెచ్చుకోండి. నాకు టైము ఇవ్వు.”

అతను విసురుగా గ్యారేజీ వైపు వెళ్లాడు. ఆ కోపం నా మీద కాదని నాకు తెలుసు. పది రోజులుగా ఆ ఆకుపచ్చ దీపాన్ని చూసి సంతోషించిన మనిషి అతను.

ఆ రోజు కారు నడుపుకుంటూ తిరిగి వస్తుంటే మైదానం మీద పొగమంచు దిగింది. రోడ్డు పక్క ఇళ్ల గొట్టాల్లోంచి పొగలు కొంత ఎత్తు లేచి, అక్కడ అడ్డం తిరిగి, ఏదో కనబడని పైకప్పుకు తగిలినట్టు పరుచుకుంటున్నాయి. పైన వెచ్చటి గాలి పొర మూతలా కూర్చుంటే కింది పొగ దాన్ని దాటలేదు. ఇది రోజూ చూసేదే. కానీ ఆ సాయంత్రం అది నాకు వేరుగా కనిపించింది. మైదానమంతా బోర్లించిన గిన్నె కింద ఉన్నట్టు, గిన్నెలో చేరినది ఏదీ అడుగుదాకా దిగితే తప్ప బయటపడలేనట్టు.

ఇంటికి వచ్చి, కోటు విప్పకుండానే బొమ్మ గీశాను.

తర్వాతి వారం వాళ్ల వంటింట్లో స్టీలు గిన్నె ఒకటి అడిగి తీసుకుని బల్ల మీద పెట్టాను. “దీన్లో నీళ్లు పోస్తే నిలుస్తాయి. అంచుదాకా నింపి, పైన ఇంకాసిన్ని పోస్తే ఏమవుతుంది?”

“పైపైన పొర్లి పోతాయి,” అన్నారు వరలక్ష్మిగారు. “అడుగునున్నవి కదలవు.”

గిన్నె బోర్లించాను. “వేడిగాలి తలకిందుల నీళ్లు. దీని గిన్నె ఇది.”

వివరం ఇది. హీటరు పొగ నేరుగా గొట్టంలోకి పోదు. పక్కన ఇటుకలతో కట్టిన ఒక గదిలోకి పోతుంది. దీన్ని వృత్తిలో బెల్ అంటాం, గంట. పైన మూసి, బయటికి పోయే ద్వారం అడుగున మాత్రమే ఉన్న గది. వేడి పొగ పైకి చేరి, తన వేడిని ఇటుకలకు ఇచ్చి, చల్లబడ్డ కొద్దీ కిందికి దిగి, అడుగు ద్వారంలోంచి గొట్టం ఎక్కుతుంది. మంట ఆరాక కూడా గొట్టం తెరిచే ఉంటుంది, లాగుతూనే ఉంటుంది. అయితే అప్పుడు వచ్చే చల్లగాలి పైకి ఎక్కలేదు. గంట అడుగునుంచే జారిపోతుంది, పైనున్న వేడిని ముట్టుకోదు. ఆ పోయే గాలిని కూడా గదిలోంచి తీసుకోకుండా, నేల కింది గొట్టంతో బయటినుంచి తెప్పించాం. బూడిద కింద నిప్పు ఉంటే దాని విషం కూడా ఆ దారినే పోతుంది. మూయాల్సింది ఏమీ లేదు. కాబట్టి మూసి మరిచిపోయేదీ లేదు.

కౌన్సిల్ అనుమతికి కొన్నాళ్లు పట్టింది. ఇటుక అనగానే కట్టడానికి వచ్చిన గ్రాంట్ తల పట్టుకున్నాడు. “భూకంపంలో కూలిన ఇటుకలు ఏరేసి నాలుగేళ్లు కాలేదు. మళ్లీ ఇటుకలా?” అన్నాడు. మనిషి నడుము ఎత్తు దాటనివ్వనని, చుట్టూ స్టీలు చట్రం, నేలకు బోల్టులు ఉంటాయని చూపించాను. అతను చట్రాన్ని కాలితో తన్ని చూసి, “సరే, ఇది నా తల మీద పడాలంటే నేను ముందు పడుకోవాలి,” అని పని మొదలుపెట్టాడు.

ఆగస్టు 30న మొదటి మంట. ఆ రాత్రి నేను వాళ్లింట్లోనే ఉండిపోయాను. తెల్లవారి ఆరింటికి లేచి ముందుగదిలోకి వచ్చేసరికి బయట మంచు, లోపల ఆ లేత చీకటి. తల్లీ బిడ్డా నిద్రలో ఉన్నారు. ఇటుకల మీద చెయ్యి పెట్టాను. పడుకున్న ఆవు పక్క తడిమినట్టు ఉంది. అలారం గోడ మీద నిశ్శబ్దంగా ఉంది. థర్మామీటరు పదహారు చూపించింది.

అగరొత్తి వెలిగించి హీటరు తలుపు దగ్గర పట్టుకున్నాను. పొగ కాసేపు నిటారుగా నిలబడి, తొందరేమీ లేనట్టు అటూ ఇటూ ఊగి, గదిలోకే తిరిగి వచ్చింది. గదిలోని గాలిని హీటరు ఇక లాగడం లేదు.

“వాసన బాగుందండి,” అన్నారు వెనకనుంచి వరలక్ష్మిగారు. పక్కన కూర్చుని, తలుపు తీసి, బూడిద తొలగించారు. నిప్పులు కళ్లు తెరిచాయి. నాలుగు పుల్లలు పెట్టి ఊదారు. నేను ఆపలేదు.

సుధీర్ లోపలిగదిలోంచి దుప్పటి కప్పుకుని వచ్చాడు. థర్మామీటరు చూశాడు. “మీ లెక్కలో ప్లేటుతో పదిహేడున్నర కదా ఆంటీ,” అన్నాడు.

“అవును.”

అతను పాప ముక్కు మీద వేలి వెనక భాగం ఆనించి చూశాడు. తర్వాత ఇటుకలకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు.

ఆ పని నాకు నేర్పింది ఒకటే. పొగగొట్టం గీసేటప్పుడు మంటకు ఎంత వ్యాసం, ఎంత ఎత్తు అని లెక్కిస్తాం. ఆ పొయ్యి దగ్గర నిలబడే మనిషి చెయ్యి ఏమరుపాటులో ఏం చేస్తుందో కూడా లెక్కలో ఉండాలి. మాట ఇచ్చి మానుకునే అలవాట్ల మీద గొట్టం కట్టకూడదు. నిద్రపోయే నిప్పుకు కూడా ఊపిరి దారి ఉండాలి. ఆ తర్వాత నేను ఎవరింటికి వెళ్లినా మొదట పొయ్యి చూడడం మానేశాను. బూడిద ఎవరు తీస్తారని అడుగుతాను.

ఆ చలికాలంలో ఆ ఇంట్లో పోయినవి: బిగించని స్టీలు ప్లేటు ఒకటి, మోటారు ఒకటి, సెన్సర్లు రెండు. ముందుగదిలో సోఫా పట్టేంత చోటు. జులై 26 నుంచి ఆగస్టు 30 దాకా ఐదు వారాల వెచ్చదనం. ఆ పైన, ప్రతి తెల్లవారుజామునా ఒకటిన్నర డిగ్రీ. అంతే.